దిబ్బ లైనుకు రెండో లెక్క

నేను నగరసభలో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తా పని చేశాను. కాగితం అబద్ధం చెప్పగలదని నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. చెప్పించిన వాళ్లను చూశాను, చెప్పించి ప్రమోషన్ కొట్టిన వాళ్లనూ చూశాను. అయితే ఒక వీధి వీధంతా ఏకమై, ఎవరి దగ్గరా పైసా ఆశించకుండా, ఒక్క పూటలో కాగితం చేత తమకే చేటు తెచ్చే అబద్ధం చెప్పించుకోవడం మాత్రం కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లోనే చూశాను. అంత తెలివితక్కువ పని చేయాలంటే చాలా తెలివి కావాలి. ఆ తెలివి పిల్లమ్మక్కది.

పిల్లమ్మక్కది పుంగనూరు పక్కన చిన్న పల్లె. ఆమె అక్క తాయమ్మను గనిలో రాయి తొలిచే నంజుండప్పకు ఇచ్చారు. తాయమ్మ రెండో కాన్పు ఇక్కడే. తోడుగా పది దినాలు ఉండి రమ్మని పద్నాలుగేళ్ల పిల్లమ్మను బస్సెక్కించారు. గనులు కొత్తగా సర్కారు చేతికి వచ్చిన రోజులవి. పది దినాలు అయ్యాయి, బాలింతకు జ్వరం వచ్చింది. అది తగ్గింది, బిడ్డకు వచ్చింది. బిడ్డ కోలుకున్నాడు, తాయమ్మకు మళ్లీ నెల తప్పింది. ఇట్లా ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంది. నాకు ఆమెతో పరిచయమయ్యే నాటికి ఆ పది దినాలకు యాభై రెండేళ్లు నిండాయి.

వాళ్లుండే చోటును దిబ్బ లైను అంటారు. లైను అంటే గని కూలీల కోసం వరసగా కట్టిన ఒంటిగది ఇళ్లు. రాయిని పొడి చేసి బంగారం తీసుకున్నాక మిగిలిన మట్టిని వెనకాల కొండంత ఎత్తు పోశారు. దాన్ని సైనైడు దిబ్బ అంటారు, లైనుకు ఆ పేరే వచ్చింది. తొంభై ఆరు ఇళ్లు. గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో మిరపకాయలు వేయిస్తే ఆరిళ్లలో తుమ్ముతారు.

ఆ ఇళ్లకు ఒక రూలుండేది. ఇంట్లో కూలీ, అతని పెళ్లాం, బిడ్డలు ఉండొచ్చు. తల్లి, తమ్ముడు, మరదలు, పని వెతుక్కుంటూ ఊరినుంచి వచ్చిన మేనమామ కొడుకు, వీళ్లంతా అదనం. రిజిస్టరు చంకలో పెట్టుకుని ఇన్‌స్పెక్టరు నెలకోసారి వచ్చి తలలెంచేవాడు. అదనం దొరికితే జరిమానా, మళ్లీ దొరికితే ఇల్లు పోతుందని భయం. దొరలు పోయారు గాని దొరల రిజిస్టరు పోలేదు. ఇక అదనం లేని ఇల్లు ఆ లైనులో ఒక్కటీ లేదు. ఊళ్లో రాగులు పండని ఏడాది పల్లెలో సగం మంది ఇక్కడే అన్నం తినేవాళ్లు.

నంజుండప్ప తన ఇంటి చూరుకు మూరన్నర పొడుగు ఉక్కు కడ్డీ ముక్కను తీగతో వేలాడగట్టాడు. గనిలో రాయికి తూటు పెట్టే కడ్డీ అది. షిఫ్టు వేళకు తాయమ్మ దాన్ని బోల్టుతో కొడితే పక్కిళ్ల వాళ్లు కూడా లేచేవాళ్లు. వాళ్లది లైనులో మొదటి ఇల్లు. పిల్లమ్మ వచ్చిన రెండో నెలలో, వాకిట్లో రాగులు చెరుగుతూ, మలుపు దగ్గర ఇన్‌స్పెక్టరును చూసింది. తన వల్ల బావ ఇల్లు పోతుందని ఆ పిల్ల భయపడింది. ఏం చేయాలో తోచక బోల్టు తీసుకుని కడ్డీని గబగబా వాయించి దిబ్బ మీదికి పరుగెత్తింది. ఆమె వెనకాలే లైనులో అదనం అంతా పరుగెత్తింది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి అయింది. గబగబా కొడితే దిబ్బ మీదికి పొమ్మని. ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయాక, ఆగి ఆగి మూడు దెబ్బలు కొడితే, ఇంగేమీ భయం లేదు, వచ్చి అన్నాలు తినండని. తనిఖీలు మానేసే దాకా ముప్పై నాలుగేళ్లు పిల్లమ్మక్క ఆ కడ్డీ వాయించింది. దిబ్బ లైనులో ఒక్క మనిషి పట్టుబడలేదు. ఒక ఇన్‌స్పెక్టరుకు అనుమానం వచ్చి, ఏంటికమ్మా అట్ల వాయిస్తా ఉండావు అని నిలదీశాడట. "కోతులొచ్చినాయి సార్. మీకు అగపడలేదా?" అందట. పాపం ఆయన ఆ తర్వాత ఆ లైనుకు కర్ర పట్టుకుని వచ్చేవాడు.

ఆమె పెళ్లి కూడా ఆ కడ్డీ చేసిందే. బచ్చప్ప అనే అతను గొడుగులు బాగుచేస్తూ లైన్లు తిరిగేవాడు. ఒకరోజు కడ్డీ మోగింది, జనం పరుగెత్తారు, గొడుగుల మోపుతో అతనూ పరుగెత్తాడు. దిబ్బ మీద ఆయాసపడుతూ పిల్లమ్మను అడిగాడు, "మనం ఏంటికి పరుగెత్తినాము?" ఆమె నవ్వు ఆపుకోలేక కూలబడిపోయిందట. కారణం తెలియకుండానే ఇంత దూరం వచ్చిన మనిషి నమ్మదగినవాడే అనుకుని చేసుకుంది. అదే ఇంట్లో తడిక అడ్డం కట్టుకుని కాపురం పెట్టారు. కంపెనీ కూలీ కాదు గనక బచ్చప్ప కూడా అదనమే. ఇద్దరూ చెట్టాపట్టాల్ వేసుకుని దిబ్బెక్కేవాళ్లని ముసలివాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

తర్వాత తాయమ్మ పోయింది, దుమ్ముకు ఊపిరి చెడి నంజుండప్ప పోయాడు, బచ్చప్ప కూడా పోయాడు. ఇల్లు తాయమ్మ కొడుకు పాపన్న పేరు మీదికి వచ్చింది. ఏ పిల్లవాడి కాన్పుకు ఆమె వచ్చిందో ఆ పాపన్నే. అతన్ని, అతని బిడ్డల్ని ఆమే పెంచింది. గని మూతబడ్డాక పాపన్న, లైనులో సగంమంది లాగే, తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి కాపలా పని చేసి వస్తున్నాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. ముందే తెలిసుంటే నా నెత్తిన ఇంత పడేది కాదు.

నా నెత్తిన పడిందేమిటంటే, రెండు వేల తొమ్మిదిలో మా నగరసభ ఊరికి ఇళ్ల ప్లాను వేయించాలని తీర్మానించింది. రాబోయే ఇరవై ఏళ్లలో ఎవరు ఎక్కడుండాలి, పాత లైన్లలో ఎవరికి హక్కుపత్రం ఇవ్వాలి, ఏ లైను తీసేసి ఏం కట్టాలి, అన్నీ అందులో ఉండాలి. బెంగళూరు నుంచి కన్సల్టెంట్లు వచ్చారు. వాళ్లకు పెద్దాయన దేశ్‌పాండే. ధార్వాడ వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మెత్తగా మాట్లాడి ఎక్కువ ఫీజు తీసుకునే వాళ్లంటే నాకు మొదటినుంచీ మంట. వాళ్లు ఏసీ గదిలో గీస్తారు, ఆ గీతల్ని నేను మూడు ప్రతులు తీసి, కుట్టి, మోసి, సంతకాలకు తిప్పాలి. పేరు ఆంజనప్ప గనక కొండలు మోయక తప్పదని కమిషనరు గారు నవ్వేవారు. మోసేవాడికి తెలుస్తుంది బరువు.

దిబ్బ లైనులో లెక్క రాయడానికి వాళ్లు ఒక మంగళవారం పదిగంటలకు వెళ్లారు. మెడలో కార్డులు, చేతుల్లో ఫారాలు. మొదటి ఇంటి వాకిట్లో ఎండకు కూర్చున్న పిల్లమ్మక్క మలుపులో వాళ్లను చూసింది. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆమె చెయ్యి తనంతట తానే బోల్టు అందుకుంది.

ఫలితం నా బల్ల మీదికి వచ్చింది. దిబ్బ లైను: ఇళ్లు తొంభై ఆరు, అందులో ఖాళీవి నలభై ఒకటి, జనం రెండువందల ముగ్గురు. నేను చూశాను, కూడికలు సరిగ్గా ఉన్నాయి, "పరిశీలించాను" అని రాసి సంతకం పెట్టి పంపాను. ఇందులో నా పాపమూ ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను. బంగారుపేట నుంచి రోజూ రైల్లో వస్తాను. సాయంత్రం నేను ఎక్కే రైల్లోంచే దిబ్బ లైను జనం నన్ను రాసుకుపూసుకుని దిగుతారు. రెండువందల మంది ఒక్క పెట్టెలోనే కనబడతారు. అయినా తోచలేదు. కూడిక సరిపోతే గుమాస్తాకు నిద్ర పడుతుంది.

మూడు నెలలకు ప్లాను నమూనా వచ్చింది. అభ్యంతరాలుంటే చెప్పమని పెద్ద పటాన్ని ఆఫీసు గోడకు అంటించాం. చెప్పడానికి ఎవరూ రారు. మా ఊళ్లో ఆ గోడ మీద కరెంటు బిల్లు కౌంటరు సమయాలు తప్ప ఇంకేమీ చదవరు. నాలుగో రోజు కొళాయి సంగతి చెప్పుకోవడానికి పిల్లమ్మక్క వచ్చింది. చదువు రాదు. కానీ బొమ్మ ముందు నిలబడి, రైలు పట్టాలు చూసి, దిబ్బ చూసి, వేలు పెట్టి తన లైను కనుక్కుంది.

"అప్పా, ఇది మా లైనే కదా. పచ్చరంగు ఏంటికి పూసినారు?"

"పార్కు వస్తుందమ్మా. నడుమ ఫౌంటెన్."

"పార్కు వస్తే మేము యాడ ఉండాలప్పా?"

లెక్క తెచ్చి చదివి వినిపించాను. ఉన్న యాభై అయిదు కుటుంబాలకు తమక అనే ఊరి దారి వైపు యాభై అయిదు ఇళ్లు, లైను మొత్తం కూల్చేస్తారు, హక్కుపత్రాలు లెక్కలో పడ్డవాళ్లకే. ఆమె అంతా విన్నది. పోయి బెంచీ మీద కూర్చుంది. నీళ్లు ఇచ్చాను, తాగలేదు.

"రెండువందలు కాదప్పా. ఆరువందలకు పైన ఉండాము. నేనే కడ్డీ కొట్టి దిబ్బకు పంపించినాను. వాళ్ల నోట్లో మన్ను కొట్టినాను."

అప్పుడే నాకు కథంతా చెప్పింది. వినగా వినగా నవ్వూ వచ్చింది, ఆపైన భయమూ వేసింది. ఎందుకంటే పరిశీలించాను అన్న సంతకం నాది. అభ్యంతరాలకిచ్చిన ముప్పై రోజులు దాటితే పటం ఆమోదానికి వెళ్తుంది. ఆ తర్వాత ఆ లైనులో నాలుగువందల మంది కాగితం ప్రకారం పుట్టని వాళ్లతో సమానం.

దేశ్‌పాండేకు ఫోను చేశాను. ఆయన విని కన్నడంలో ఒక్క మాటే అన్నాడు, "నాకూ అనుమానం వచ్చింది ఆంజనప్పా. రెండువందల మందికి కొళాయి దగ్గర మూడువందల బిందెలున్నాయి."

"మరి చెప్పలేదేం సార్?"

"ఫారంలో బిందెలకు గడి లేదు."

మళ్లీ లెక్క రాయాలంటే అది ఒప్పందంలో లేని పని, అదనపు పని. కూలికి పోయేవాళ్లు దొరకాలంటే ఆదివారమే రావాలి. దానికి లక్షా ఎనభై వేలు, సభ తీర్మానం కావాలి. ఆయన తప్పూ లేదు. అయినా ఫోను పెట్టేశాక ఆయన్ను తిట్టుకున్నాను. తిట్టుకోకపోతే ఆ పూట నాకు కాఫీ దిగేది కాదు.

సభ జరిగే రోజు పదకొండో అంశంగా పెట్టించాను. ప్రేక్షకుల బెంచీలో పిల్లమ్మక్క కూర్చుంది, ఒడిలో గోనెసంచిలో చుట్టిన ఏదో బరువు. అంశం చదవగానే మునియప్ప లేచాడు. పక్క వార్డు మెంబరు, గొంతు పెద్దది, మనసు అంత చెడ్డది కాదు గాని గొంతు ముందు నడుస్తుంది.

"వాళ్లంతట వాళ్లు దాంకొని, ఇప్పుడు లెక్కపెట్టండంటే మనం దుడ్డు కట్టాల్నా? చేతులు కాలినంక ఆకులు పట్టుకొంటే ఎట్ల? రేపు మళ్లీ దిబ్బెక్కరని ఏం గ్యారంటీ? ఇంగ బడ్జెట్లో ఈ పనికి ఒక్క రూపాయి లేదు."

అధ్యక్షురాలు నా వైపు చూసింది. నేను మాట్లాడేలోపే పిల్లమ్మక్క లేచి వచ్చి, గోనెసంచి విప్పి, ఆ కడ్డీని బల్ల మీద పెట్టింది. బల్ల కిర్రుమంది. మైకు పక్కకు ఒరిగింది.

"ఇది మీ దగ్గర పెట్టుకోండమ్మా. లెక్క ముగిసే దాకా ఈడనే ఉండనీ. ఇది లేకుంటే ఎవురూ పోరు. అదే గ్యారంటీ." తర్వాత మునియప్ప వైపు తిరిగింది. "ఏమప్పా మునియప్పా, నన్ను మరిచినావా? మీ మామ ఇంట్లో మూడేండ్లు ఉంటివి. దిబ్బ మీదికి నీ చెయ్యి పట్టుకొని ఎక్కించింది ఎవురు? ఒకనాడు నిక్కరు యాడనో జారిపోయి..."

"అక్కా, చాలు," అన్నాడు మునియప్ప. సభ అంతా గొల్లుమంది. ఆయన కూర్చుని, చెమట తుడుచుకుని, కాసేపటికి చిన్న గొంతుతో అన్నాడు, "లెక్క పెట్టొద్దని నేను అనలేదు. దుడ్డు యాడిదని మాత్రమే అడిగినాను."

ఆ ప్రశ్న కోసమే నేను వారం రోజులుగా కాచుకున్నాను. ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసినందుకు ఆ ఒక్క రోజే నాకు కూలి గిట్టింది. లేచి చెప్పాను. కన్సల్టెంట్ల ఒప్పందంలో మూడో విడత ఒకటుంది, దిబ్బ లైను పార్కుకూ ఫౌంటెనుకూ బొమ్మలు గీసినందుకు ఫీజు. అది సరిగ్గా లక్షా తొంభై వేలు, బొమ్మలు ఇంకా గీయలేదు. ఆరువందల మంది ఉన్న చోట పార్కు రాదు. రాని ఫౌంటెనుకు బొమ్మ ఎందుకు? ఆ పని తీసేసి, అదే డబ్బు ఈ అదనపు పనికి మళ్లిస్తే నగరసభకు పది వేలు మిగులు. మనుషులు లేరని తేలితే ఫౌంటెను ఎప్పుడైనా గీయించుకోవచ్చు, నీళ్లు ఎటూ లేవు.

మూలన కూర్చున్న దేశ్‌పాండే తనకు సమ్మతమని తలూపాడు. తీర్మానం ఏకగ్రీవం. షరతు ఒకటే: లెక్క ఒక్కసారే, ఒకే ఆదివారం, పగలు పన్నెండు దాకా. అప్పుడు దొరకనివాళ్లు లేనట్టే. కడ్డీని నేను రికార్డు గదిలో పెట్టి, "ఇనుప కడ్డీ ఒకటి" అని రసీదు రాసి పిల్లమ్మక్కకు ఇచ్చాను. ఆమె రసీదును రవికలో దోపుకుంది.

పదిహేను రోజులు ఆమె ఇల్లిల్లూ తిరిగింది. దాంకొన్న కాలం పోయింది, ఈసారి దాంకొంటే ఇల్లు పోతుంది, అని ఒక్కొక్కరికీ నూరిపోసింది. అందరూ తలలూపారు. ఆదివారం పొద్దున నేను రైలు దిగి ఎనిమిదికల్లా లైనుకు పోయాను. దేశ్‌పాండే బృందం బల్ల వేసుకుంటున్నది. ఫారాల కట్ట బయటికి తీశారు. నేను చూస్తుండగానే ఆ చివరి ఇంటి తలుపు మూసుకుంది. దాని పక్కది మూసుకుంది. ఒక ముసలమ్మ చాటలో బియ్యం చాటలోనే వదిలేసి చల్లగా వెనక్కి జారుకుంది. పావుగంటలో లైను ఖాళీ. పిల్లమ్మక్క బుర్రలకు చెప్పింది గాని కాళ్లకు చెప్పలేదు.

దిబ్బ అంచున తలలు కనబడుతున్నాయి. ఆమె కింద నిలబడి రండి రండి అని గొంతు చించుకుని అరిచింది. ఎవరూ కదల్లేదు. పిలుపులు నమ్మే అలవాటు ఆ లైనుకు లేదు. దేశ్‌పాండే గడియారం చూసుకుని, చూడనట్టు నటించాడు. మంచివాడే అని అప్పుడు ఒప్పుకున్నాను.

"ఆంజనప్పా, నా కడ్డీ తీసుకురాప్పా," అంది పిల్లమ్మక్క.

"అక్కా, అది సభ స్వాధీనంలో ఉంది. కమిషనరు ఆర్డరు లేకుండా..."

ఆమె రసీదు తీసి నా చేతిలో పెట్టింది. నేను ఆటో ఎక్కాను. ముప్పై ఏళ్లలో ఆర్డరు లేకుండా రికార్డు గది తాళం తీసింది ఆ ఒక్కసారే. కడ్డీని ఒళ్లో పెట్టుకుని వస్తుంటే, ఏం సార్, గని మళ్లీ తెరుస్తా ఉండారా అని ఆటో అతను అడిగాడు. తిరిగొచ్చేసరికి పదిన్నర.

పాపన్న దాన్ని పాత తీగకే కట్టాడు. పిల్లమ్మక్క బోల్టు చేతిలోకి తీసుకుని అట్లాగే నిలబడిపోయింది. కొట్టదు.

"ఏమక్కా?"

"మూడు దెబ్బలు కొడితే వస్తారప్పా. అది నాకు తెలుసు. కానీ భయం లేదని నాకు నిక్కంగా తెలిసినాకనే కొట్టేదాన్ని. ఒకనాడైనా తప్పు కొట్టలేదు. ఇప్పుడు రిజిస్టరును వాకిట్లో కూర్చోబెట్టుకొని కొడ్తా ఉండాను. రేపు ఈ కాగితం మోసం చేస్తే, వాళ్లకు నేను ఏం చెప్పేది?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ కాగితం నిజమేనా? నువ్వు చెప్పప్పా."

నన్నెవరూ అట్లా అడగలేదు, అంతకు ముందు గాని ఆ తర్వాత గాని. మొదటి లెక్క మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టినవాణ్ని. "ఈసారి ప్రతి పేరూ నేను చదివి చూసి సంతకం పెడతానక్కా," అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత కడ్డీ వైపు తిరిగి కొట్టింది. ఆగింది. కొట్టింది. ఆగింది. కొట్టింది.

దిబ్బ మీద తలలు లేచాయి. ముందు ముసలివాళ్లు దిగారు, వాళ్ల వెనక పిల్లల్ని ఎత్తుకున్న వాళ్లు, ఆ వెనక అందరూ. జనం దిగుతూనే ఉన్నారు. దేశ్‌పాండే పెన్ను చేతిలోనే పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆ పూట పన్నెండు లోపల దిబ్బ లైనులో ఆరువందల పదకొండు మంది తేలారు. ఖాళీ ఇల్లు ఒక్కటీ లేదు. ప్రతి పేరూ చదివాకే సంతకం పెట్టాను, చెయ్యి నొప్పి పుట్టింది. తర్వాత పటంలో పచ్చరంగు చెరిగి, లైను లైనులాగే నిలబడింది, హక్కుపత్రాలు కూడా వచ్చాయి. మిగిలిన పది వేలు ఏమయ్యాయో నన్ను అడగొద్దు.

కానీ అది తర్వాత మాట. జనం బల్లకు ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయారు. ఫారాలు చూశారు, పిల్లమ్మక్కను చూశారు. ముందుకు ఎవరూ రారు. ఆమె కొంగు బిగించి, ఫారం రాసే అమ్మాయి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ముందు నా ఇల్లు రాసుకో తల్లీ. అందరికీ వినపడేట్టు చెప్తాను." వేళ్లు మడుస్తూ చెప్పింది. "పాపన్న, వాని పెండ్లాము, కొడుకు, కోడలు, కోడలి తమ్ముడు. వాడు అదనం, వాన్నీ రాసుకో. ఆర్నెల్ల మనవరాలు. ఆరుగురు. ముగిసింది."

ఆ అమ్మాయి ఆరు అని రాసి, గీత గీయబోయింది. వెనక నిలబడ్డ పాపన్న వంగి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"చిన్నమ్మా, నువ్వు?"

పిల్లమ్మక్క వెనక్కి తిరిగి అతన్ని చూసింది, అతనేదో వింత అడిగినట్టు. నాకు అప్పుడు తట్టింది. ఆమె పేరు ఇక్కడ ఏ కాగితంలోనూ లేదు. రేషను కార్డు పుంగనూరు దగ్గర అన్న ఇంట్లో, ఓటు ఆ పల్లెలోనే. ప్రతి ఎలక్షనుకూ బస్సెక్కి పోయి వేసి వచ్చేది. లైను మొత్తాన్ని దాచిన మనిషి అందరికంటే ముందు తనను దాచుకుంది, ఇంక బయటికి రావడమే మరిచిపోయింది.

ఫారం రాసే అమ్మాయి కొత్త గీత తీసుకుంది. పేరు అడిగింది. పిల్లమ్మ. ఇంటి పెద్దకు ఏమవుతారని అడిగింది. ఆమె చెప్పేలోపే పాపన్న, "అమ్మ," అన్నాడు. గుంపులో ఎవరో ముక్కు చీదారు. నేనైతే కాదు.

"ఇక్కడికి ఎప్పుడొచ్చారు, ఎన్నాళ్లుంటారమ్మా?"

పిల్లమ్మక్క బోల్టును ఒళ్లో పెట్టుకుంది.

"పది దినాలకని వచ్చినాను తల్లీ," అంది. "ఇంగ పోను, రాసుకో."